ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి పీడీఎఫ్ బట్టీ కొడితే సరిపోతుందా? ఇంట్లో రెల్ 10 ఎక్కట్లేదు

ఎస్సార్‌నగర్_హాస్టల్
మైత్రీవనం చుట్టుపక్కల ఒక ఇన్‌స్టిట్యూట్‌లో లైనక్స్ బ్యాచ్‌కి ఫీజు కట్టేశాను. సగం సిలబస్ కాకముందే ఒక పీడీఎఫ్ చేతిలో పెట్టి "ఎగ్జామ్‌లో ఇవే వస్తాయి, కమాండ్లు వరసగా బట్టీ కొట్టండి" అంటున్నారు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అంటే రెడ్ హ్యాట్ వాళ్ళ లైనక్స్ అడ్మిన్ పరీక్ష, కోడ్ ఈఎక్స్ 200. నిజంగా బట్టీతో అయ్యే పనేనా? ఇంకోటి, వర్చువల్‌బాక్స్‌లో వర్చువల్ మెషీన్ (వీఎం) పెట్టి రెల్ 10 (రెడ్ హ్యాట్ లైనక్స్ పదో వెర్షన్) ఎక్కిస్తుంటే ఇన్‌స్టాలర్ తెర కూడా రాకముందే కెర్నల్ ప్యానిక్. ఐఎస్‌ఓ రెండోసారి దింపినా అదే కథ. ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్ ఐ5, 8 జీబీ ర్యామ్.

కెర్నల్_కాకా
పీడీఎఫ్ సంగతి తర్వాత. ఐ5 అంటే ఎన్నో జనరేషన్?

ఎస్సార్‌నగర్_హాస్టల్
టాస్క్ మేనేజర్‌లో ఐ5-3320ఎం అని చూపిస్తోంది.

కెర్నల్_కాకా
దొరికింది దొంగ. 3తో మొదలైందంటే మూడో జనరేషన్. రెల్ 10కి ప్రాసెసర్ ఎక్స్86-64-వీ3 స్థాయిలో ఉండాలి, అందులో ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ తప్పనిసరి. ఇంటెల్‌లో అది నాలుగో జనరేషన్ హాస్‌వెల్‌తో వచ్చింది. నీ దాంట్లో లేదు కాబట్టి జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ మొదటి అడుగులోనే చేతులెత్తేస్తుంది, పీఐడీ 1 (మొట్టమొదటి ప్రాసెస్) చచ్చిపోతుంది, కెర్నల్ ప్యానిక్. ఐఎస్‌ఓ నూరుసార్లు దింపినా అంతే. రెల్ 9కి వీ2 చాలు, అది నీ మెషీన్ మీద హాయిగా నడుస్తుంది.

పెంగ్విన్_పిల్ల
పదో వెర్షనే కావాలంటే రెల్‌తో సరిపోయే ఉచిత లైనక్స్, ఆల్మాలైనక్స్ 10 చూడండి. పాత ప్రాసెసర్ల కోసం వాళ్ళు వీ2 బిల్డ్ కూడా విడిగా ఇస్తున్నారు. ప్రాక్టీస్‌కి రెల్‌కీ దానికీ తేడా పెద్దగా కనిపించదు.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
సికింద్రాబాద్ సీటీసీల పాత ల్యాప్‌టాప్ కొనేటోళ్ళు "ఐ5" అని స్టిక్కర్ చూసి మురిసిపోకుండ్రి. షాపులనే ఆన్ చేపిచ్చి మోడల్ నంబర్ మొత్తం చదువుండ్రి. నాలుగంకెల నంబర్‌ల మొదటి అంకె 2 నుంచి 9 దాకా ఉంటే అదే జనరేషన్, నంబర్ 1తో మొదలైతే మొదటి రెండంకెలు. సెలెరాన్, పెంటియమ్ పేరున్నవి అయితే నాలుగో జనరేషన్ అన్నా నమ్మొద్దు, వాటిల్ల ఏవీఎక్స్2 తీసేసిండ్రు. లైవ్ యూఎస్‌బీ పట్టుకపోతే ఎల్‌ఎస్‌సీపీయూ కొట్టి ఫ్లాగ్స్‌ల ఏవీఎక్స్2 ఉన్నదా లేదా అక్కడ్నే చూసుకోవచ్చు. షాపాయన మొహం అప్పుడు చూడాలె.

కెర్నల్_కాకా
పై మాటకి ఒక తోక. ప్రాసెసర్ మంచిదే అయినా వర్చువల్‌బాక్స్‌లో వీఎం కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ సొంత వర్చువలైజేషన్, అంటే హైపర్-వీ, అడ్డం పడుతున్నట్టు. అప్పుడు వీఎం నత్తనడక నడుస్తుంది, ప్రాసెసర్ ఫీచర్లు కొన్ని లోపలికి అందకపోవచ్చు కూడా. విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీ, విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ ఆపి రీస్టార్ట్ చేయాలి. డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్‌లోనే నడిచే లైనక్స్) వాడేవాళ్ళు జాగ్రత్త, అదీ ఆగిపోతుంది.

మాదాపూర్_మౌంట్
బట్టీ గురించి అందరూ నీతులు చెప్తారు గానీ చాలామంది ఆ పీడీఎఫ్‌లతోనే పాసవుతున్నారు బ్రో. ప్రాక్టికల్‌గా ఆలోచించు.

రాత్రి_షిఫ్ట్
ప్రాక్టికల్‌గానే మాట్లాడుకుందాం. ముందు ఒక మాట: ఎగ్జామ్‌కి కూర్చునేటప్పుడు ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పందానికి ఒప్పుకుంటాం. లీకైన ప్రశ్నలతో రాశారని తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు వాళ్ళకుంది. అది నీతి కదా అంటావా, సరే, టెక్నికల్ సంగతి చూడు.

పీడీఎఫ్‌లో "ఎస్‌డీబీ మీద పార్టిషన్ చెయ్" అని ఉంటుంది. ఎదురుగా ఉన్న మెషీన్‌లో డిస్క్ పేరు వీడీబీ. ఎస్‌డీబీ అంటూ ఏమీ లేదు. పీడీఎఫ్ ఖాళీ డిస్క్ అనుకుంటుంది, ఇక్కడ దాంట్లో ముందే ఒక వాల్యూమ్ గ్రూప్ ఉండొచ్చు. పీడీఎఫ్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ పేరు ఒకటి, ఇక్కడ ఇంకొకటి. బట్టీ కొట్టినవాడు ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఎన్‌ఎంసీఎల్‌ఐ కాన్ షో కొట్టి చూడకుండా నేరుగా కమాండ్ కొట్టేస్తాడు. తప్పు డిస్క్ మీద ఎఫ్‌డిస్క్ నడిపితే ఆ వీఎంని మొదటి స్థితికి తెచ్చుకోవాలి, అప్పటిదాకా దాంట్లో చేసిందంతా గోవిందా.

రెండోది అసలుది. 3 గంటలు, 300 మార్కులు, పాస్‌కి 210. మార్కులు కొట్టిన కమాండ్లకు కాదు, చివర్లో మెషీన్ ఉన్న స్థితికి. సెట్టింగులన్నీ రీబూట్ తర్వాత మన చేయి పడకుండా నిలబడాలని రెడ్ హ్యాట్ స్పష్టంగా రాసి పెట్టింది. మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో తనంతట మౌంట్ కావాల్సినవి రాసే ఫైల్) రాయలేదు: సున్నా. సర్వీస్ స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయలేదు: సున్నా. ఫైర్‌వాల్-సీఎండీకి --పర్మనెంట్ పెట్టలేదు: సున్నా. ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్ భద్రతా పొర) బూలియన్‌కి, అంటే దాని ఆన్/ఆఫ్ స్విచ్‌కి, పెద్ద పీ పెట్టలేదు: అదీ సున్నానే. "అంతా కరెక్టుగానే చేశాను, మార్కులేవీ" అనే గోల ముప్పాతిక భాగం ఇక్కడే పుడుతుంది.

పెంగ్విన్_పిల్ల
--పర్మనెంట్ పెట్టి --రీలోడ్ మర్చిపోతే?

రాత్రి_షిఫ్ట్
రీబూట్ తర్వాత ఎలాగూ పనిచేస్తుంది. కానీ రీలోడ్ చేయకపోతే నువ్వు అప్పుడే టెస్ట్ చేసుకోలేవు. కర్ల్ కొడితే రాదు, వేరే ఎక్కడో తప్పనుకుని ఇరవై నిమిషాలు వెతుక్కుంటావు.

ఎస్సార్‌నగర్_హాస్టల్
సరే, పీడీఎఫ్ పక్కన పెట్టా. రెల్ 9 మీద ప్రాక్టీస్ చేస్తే 10 ఎగ్జామ్‌కి పనికొస్తుందా?

సరళ_సిస్అడ్మిన్
ఎక్కువ భాగం పనికొస్తుంది. తేడా ఎక్కడంటే, 9 సిలబస్‌లో పాడ్‌మ్యాన్ కంటైనర్లు ఉన్నాయి. 10లో అవి తీసేసి ఫ్లాట్‌ప్యాక్ రిపోలు, ఇన్‌స్టాల్ చేయడం పెట్టారు, సిస్టమ్‌డీ టైమర్లు కూడా చేర్చారు. స్లాట్ బుక్ చేసేటప్పుడు ఏ వెర్షన్ మీద రాస్తున్నారో ఉంటుంది. దాని లక్ష్యాల పేజీ ప్రింట్ తీసి ఒక్కో లైన్ టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకా వీడీఓ (డిస్క్ స్థలం ఆదా చేసే ఫీచర్) చెప్తుంటే అది ఎనిమిదో వెర్షన్ నోట్సు అని అర్థం.

ల్యాబ్ సంగతి. 8 జీబీ మెషీన్ మీద రెండు వీఎంలు చాలు. ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్, అదనంగా 5 జీబీవి రెండు ఖాళీ డిస్కులు. ఎల్‌వీఎం (డిస్కుల్ని కలిపి కావాల్సిన సైజులో పంచే పద్ధతి), స్వాప్ ఆటలన్నీ ఆ ఖాళీ డిస్కుల మీదే. ఇన్‌స్టాలేషన్‌లో గ్రాఫికల్ వద్దు, మినిమల్ తీసుకోండి, ర్యామ్ మిగులుతుంది. ఇన్‌స్టాల్ అవగానే పవర్ ఆఫ్ చేసి స్నాప్‌షాట్ తీయండి. పాడుచేయడం, వెనక్కి వెళ్ళడం, మళ్ళీ పాడుచేయడం, ప్రాక్టీస్ అంటే ఇదే.

రెల్ కోసం డబ్బులు కట్టక్కర్లేదు. రెడ్ హ్యాట్ డెవలపర్ ఖాతా తెరిస్తే వ్యక్తిగత సబ్‌స్క్రిప్షన్ ఉచితం, 16 మెషీన్ల దాకా. బూట్ ఐఎస్‌ఓ వద్దు, డీవీడీ ఐఎస్‌ఓనే దింపండి, ఎందుకంటే దాంట్లో బేస్‌ఓఎస్, యాప్‌స్ట్రీమ్ రెండు ఫోల్డర్లూ ఉంటాయి. దాన్ని /ఎంఎన్‌టీకి మౌంట్ చేసి, /ఈటీసీ/యమ్.రిపోస్.డీలో మీ చేత్తో రిపో ఫైల్ (ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది) రాయండి. రెండు రిపోలు, రెండు బేస్‌యూఆర్‌ఎల్‌లు. ఫైల్ పేరు చివర .రిపో లేకపోతే డీఎన్‌ఎఫ్ దాని వంక కూడా చూడదు. ఎగ్జామ్‌లో రిపో తప్పితే ప్యాకేజీలు రావు, ప్యాకేజీలు రాకపోతే కింద సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
హార్డ్ డిస్క్ ఇంక తిరిగే రకమే ఉంటే ముందు ఒక ఎస్‌ఎస్‌డీ ఏస్కో తమ్మీ. రెండు వీఎంలు ఒకేసారి బూట్ అయ్యేసరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ రెండూ అయిపోతయ్.

కొత్త_షెల్
రూట్ పాస్‌వర్డ్ రీసెట్‌లో బూట్‌ని మధ్యలో ఆపే ఆర్‌డీ.బ్రేక్ పెడితే మళ్ళీ రూట్ పాస్‌వర్డే అడుగుతోంది. పాస్‌వర్డ్ తెలిస్తే రీసెట్ ఎందుకండీ 🙂

కెర్నల్_కాకా
రెండు దారులున్నాయి. గ్రబ్ మెనూలో రెస్క్యూ అని ఉన్న ఎంట్రీ ఎంచుకుని దాని మీద ఆర్‌డీ.బ్రేక్ పెట్టు. లేదంటే మామూలు ఎంట్రీ మీద ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఇనిట్=/బిన్/బాష్ రాసి కంట్రోల్-ఎక్స్. ఆ లైన్లో కన్సోల్=టీటీవైఎస్0 లాంటిది కనిపిస్తే తీసెయ్. అది ఉంటే షెల్ సీరియల్ పోర్టుకి పోతుంది, నీకు తెర మీద ఏమీ రాదు, హ్యాంగ్ అయిందనుకుంటావు.

షెల్ వచ్చాక మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /, తర్వాత పాస్‌వర్డ్ కమాండ్, తర్వాత టచ్ /.ఆటోరీలేబుల్, చివరికి ఎగ్జిక్ /ఎస్‌బిన్/ఇనిట్. ఆర్‌డీ.బ్రేక్ దారిలో అయితే రీమౌంట్ చేసేది /సిస్‌రూట్‌ని, ఆ తర్వాత సీహెచ్‌రూట్ /సిస్‌రూట్. ఆ రెంటినీ కలగాపులగం చేసేవాళ్ళే ఎక్కువ.

కొత్త_షెల్
ఆటోరీలేబుల్ మర్చిపోతే ఏమవుతుంది?

కెర్నల్_కాకా
షాడో ఫైల్‌కి ఎస్‌ఈలైనక్స్ లేబుల్ తప్పుతుంది. కొత్త పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా లాగిన్ కానివ్వదు. పెట్టాక మాత్రం ఓపిక పట్టు, రీలేబుల్ నిమిషాల కొద్దీ నడుస్తుంది, ఆ మధ్యలో పవర్ ఆఫ్ నొక్కకు.

మాదాపూర్_మౌంట్
ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ప్రతి లైన్‌కి నోఫెయిల్ పెట్టేస్తే గొడవే లేదుగా. తప్పున్నా బూట్ అవుతుంది.

రాత్రి_షిఫ్ట్
బూట్ అవుతుంది, మౌంట్ అవ్వదు. ఆ ప్రశ్న మార్కులు పోయాయని కూడా నీకు తెలియదు. మిగతా ప్రశ్నలు బతుకుతాయన్నది నిజమే, కానీ సరైన పద్ధతి వేరే ఉంది. లైన్ రాయగానే సిస్టమ్‌సీటీఎల్ డేమన్-రీలోడ్, ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై, మౌంట్ -ఏ, ఈ మూడూ కొట్టాలి. తప్పుంటే అక్కడే దొరుకుతుంది. స్వాప్ అయితే మౌంట్ -ఏ పట్టించుకోదు, స్వాపాన్ -ఏ కొట్టాలి. అయినా ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికెళ్ళి, రూట్‌ని రీడ్-రైట్‌గా రీమౌంట్ చేసి, ఆ లైన్ ముందు # పెట్టి రీబూట్.

సరళ_సిస్అడ్మిన్
మాదాపూర్ గారి మాట పూర్తిగా తీసిపారేయక్కర్లేదు. ఐదు నిమిషాలే మిగిలినప్పుడు నోఫెయిల్ మెషీన్‌ని కాపాడుతుంది. మొదటి గంటలోనే వాడితే బద్ధకం.

మాదాపూర్_మౌంట్
అక్క ఒక్కరే అర్థం చేసుకున్నారు 🙏

పెంగ్విన్_పిల్ల
ఎల్‌వీఎంలో అందరూ పడే గుంటలు కొన్ని చెప్తా. ఎల్‌వీక్రియేట్‌కి పెద్ద ఎల్ ఇస్తే సైజు, చిన్న ఎల్ ఇస్తే ఎక్స్‌టెంట్లు. "8 ఎంబీ ఎక్స్‌టెంట్‌తో గ్రూప్, 60 ఎక్స్‌టెంట్ల వాల్యూమ్" అన్నారనుకోండి, వీజీక్రియేట్ దగ్గరే చిన్న -ఎస్ 8ఎం ఇవ్వాలి. ఇవ్వకపోతే డిఫాల్ట్ 4 ఎంబీ. అప్పుడు 60 ఎక్స్‌టెంట్లు 480 ఎంబీ రావాల్సింది 240 అవుతుంది. ఆ 240 మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేయబోతే కొత్త ఎంకేఎఫ్‌ఎస్ 300 ఎంబీ కంటే చిన్నదానికి ఒప్పుకోదు. ఆ ఎర్రర్ వస్తే ఫైల్‌సిస్టమ్‌ని తిట్టకుండా వీజీడిస్‌ప్లేలో పీఈ సైజ్ చూసుకోండి.

ఎల్‌వీ పెంచేటప్పుడు పెద్ద -ఎల్ 700ఎం అంటే మొత్తం 700 అవ్వాలని, -ఎల్ +700ఎం అంటే ఇంకో 700 కలపమని. ప్లస్ ఒక్కటి తేడా. చిన్న -ఆర్ కూడా పెడితే ఫైల్‌సిస్టమ్‌ని అదే పెంచుతుంది. ఎక్కువ పెంచేస్తే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని కుదించే దారి లేదు, కాబట్టి ఎంటర్ కొట్టేముందు ప్రశ్న ఇంకోసారి చదవండి.

కొత్త_షెల్
ఎస్‌ఈలైనక్స్ అంటేనే భయం. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 పెట్టుకుని రాయకూడదా?

సరళ_సిస్అడ్మిన్
ఎన్‌ఫోర్సింగ్‌లో ఉంచమని అడిగిన చోట పర్మిసివ్ పెడితే మార్కు మీరే వదులుకున్నట్టు. అంత భయం అక్కర్లేదు, సిలబస్‌కి కావాల్సినవి మూడే: పోర్టు, ఫైల్ లేబుల్, బూలియన్.

పోర్టు ఉదాహరణ చూడండి. హెచ్‌టీటీపీడీని 82 మీద నడపాలి. కాన్ఫిగ్‌లో లిజన్ 82 రాసి స్టార్ట్ చేస్తే పర్మిషన్ డినైడ్. సెమేనేజ్ పోర్ట్ -ఏ -టీ హెచ్‌టీటీపీ_పోర్ట్_టీ -పీ టీసీపీ 82 కొట్టాలి. ఇంత పొడుగు లైన్ గుర్తుండక్కర్లేదు, సెమేనేజ్-పోర్ట్ మ్యాన్ పేజీ అడుగున ఎగ్జాంపుల్స్‌లో ఇలాంటిదే ఉంటుంది. ఎగ్జామ్‌లో ఇంటర్నెట్ లేదు గానీ మ్యాన్ పేజీలు ఉంటాయి. సెమేనేజ్ కమాండే లేదంటే డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్‌తో వెతకండి, పాలసీకోర్‌యుటిల్స్-పైథాన్-యుటిల్స్ అనే ప్యాకేజీ వస్తుంది. తర్వాత ఫైర్‌వాల్‌లో 82/టీసీపీ తెరవాలి, సర్వీస్‌ని ఎనేబుల్ --నౌ చేయాలి. ఈ నాలుగింట్లో ఒకటి వదిలినా పేజీ రాదు.

ఫోల్డర్ లేబుల్‌కి సీహెచ్‌కాన్ వాడకండి, రీలేబుల్ జరిగితే ఎగిరిపోతుంది. సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ రాసి, రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ. ఆర్ పెద్దది, వీ చిన్నది.

రాత్రి_షిఫ్ట్
చిన్నవి కొన్ని నా వంతు. యూజర్‌మాడ్ పెద్ద -జీకి చిన్న -ఏ కలపకపోతే పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. లాగిన్.డెఫ్స్‌లో పాస్‌వర్డ్ గడువు మార్చితే కొత్త యూజర్లకే వర్తిస్తుంది, ఉన్నవాళ్ళకి చేజ్ వాడాలి. కాబట్టి యూజర్లను తయారుచేసే ముందే ప్రశ్నలన్నీ ఒకసారి చదివి, లాగిన్.డెఫ్స్ ప్రశ్న ఉంటే దాన్ని ముందు చేయండి. ఎన్‌ఎంసీఎల్‌ఐలో అడ్రస్ ఇచ్చి ఐపీవీ4.మెథడ్ మాన్యువల్ మర్చిపోతే డీహెచ్‌సీపీ అడ్రస్ కూడా పక్కనే కూర్చుంటుంది. సుడోయర్స్ ఫైల్ రాశాక విసుడో -సీ.

టైమ్ విషయం. చివర్లో ఒకేసారి రీబూట్ పెట్టుకోవద్దు. డిస్క్ పనులు అవగానే ఒకసారి, అన్నీ అయ్యాక కనీసం ఇరవై నిమిషాలు చేతిలో ఉండగా ఇంకోసారి.

ఎస్సార్‌నగర్_హాస్టల్
ఎగ్జామ్ ఇంటి నుంచి రాయొచ్చంటున్నారు. హాస్టల్ రూమ్‌లో కుదురుతుందా? ఇద్దరం ఉంటాం.

సరళ_సిస్అడ్మిన్
రూమ్‌మేట్ ఆ టైమ్‌కి తలుపు తీసినా ఇబ్బందే. గదిలో మీరొక్కరే ఉండాలి, తలుపు మూసి ఉండాలి, కెమెరాతో గదంతా చూపించాలి, మానిటర్ ఒక్కటే. రెడ్ హ్యాట్ ఇచ్చే ఇమేజ్‌ని యూఎస్‌బీకి రాసి మీ మెషీన్‌ని దాంతోనే బూట్ చేయాలి. అందులోనే కంపాటిబిలిటీ టెస్ట్ ఉంది, అది పాసయ్యాకే స్లాట్ బుక్ చేయండి. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ బూట్ లాక్ చేసి ఉంటారు. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ పనికిరాదు. సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి, లేకపోతే ఎగ్జామ్ అయ్యాక విండోస్ మీ ముందు తలుపేస్తుంది.

కరెంట్ సంగతి మన ఊళ్ళో చెప్పేదేముంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కి ఉండదు. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే అదే వోల్టేజ్ మినీ యూపీఎస్ పెట్టండి. వైఫై బదులు కేబుల్ మేలు.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
ఇంత పరేషాన్ కన్నా సెంటర్‌కి పోయి రాసుడు బెటర్ గదా.

సరళ_సిస్అడ్మిన్
హాస్టల్లో ఉండేవాళ్ళకి అవును, సెంటరే నయం. ఎక్కడ రాసినా ఒకటి చూసుకోండి: ఖాతాలో పేరు, ఐడీ కార్డులో పేరు ఒకేలా ఉండాలి. మనకి ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఇంకో చోట ఒట్టి పొడి అక్షరం. ఎగ్జామ్ రోజు కాదు, బుక్ చేసే ముందే సరిచేయించుకోండి.

కొత్త_షెల్
ఎల్‌పీఐసీ-1 అనే ఇంకో లైనక్స్ సర్టిఫికెట్ తేలికంటారు, అది చేస్తే పోలా?

రాత్రి_షిఫ్ట్
అది 101, 102 అని రెండు పేపర్లు, ఒక్కోటి 60 ప్రశ్నలు 90 నిమిషాలు. గుర్తు పట్టడం, ఖాళీలు నింపడం. మంచిదే, ఐదేళ్ళు చెల్లుతుంది. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి మూడేళ్ళే. కానీ ఇక్కడి అడ్మిన్ ఉద్యోగాల ప్రకటనల్లో కనిపించే పేరు ఎక్కువగా ఆర్‌హెచ్‌సీఎస్‌ఏనే. పైగా అన్సిబుల్ (ఆటోమేషన్ టూల్) మీద ఉండే పై మెట్టు ఆర్‌హెచ్‌సీఈకి, అంటే ఈఎక్స్ 294కి, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ఉండి తీరాలి.

ఎస్సార్‌నగర్_హాస్టల్
రెల్ 9 ఎక్కింది, స్నాప్‌షాట్ తీశా. మొదటి ల్యాబ్‌లోనే ఇరుక్కున్నా. 512 ఎంబీ స్వాప్ పార్టిషన్, ఎంకేస్వాప్ చేశా, యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పెట్టా, స్వాపాన్ -ఏకి వచ్చింది. డౌటొచ్చి స్వాపాఫ్ చేసి ఎంకేస్వాప్ ఇంకోసారి కొట్టా. రీబూట్ చేస్తే నిమిషంన్నర సేపు డిస్క్ కోసం ఎదురుచూసి బూట్ అయింది గానీ స్వాపాన్ --షోలో పాత స్వాప్ ఒక్కటే ఉంది.

పెంగ్విన్_పిల్ల
ఎంకేస్వాప్ కొట్టిన ప్రతిసారీ కొత్త యూయూఐడీ పుడుతుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్నది పాతది. ఆ నిమిషంన్నర లేని యూయూఐడీ కోసం సిస్టమ్‌డీ కాసిన కాపలా. బీఎల్‌కేఐడీ కొట్టి రెండూ పోల్చి చూడండి.

ఎస్సార్‌నగర్_హాస్టల్
అవును, వేరేగా ఉంది. మార్చి స్వాపాన్ -ఏ కొట్టా, రెండూ వచ్చాయి.

రాత్రి_షిఫ్ట్
రీబూట్ చేశావా?

ఎస్సార్‌నగర్_హాస్టల్
చేస్తున్నా అన్నా 😅